కిటికీలన్నీ మూసినా ఇంట్లో దుమ్మేనా? ముందు అగరుబత్తి వెలిగించండి

"పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు సార్. ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారా?" నల్లగొండలో ఇళ్లు కట్టించే పనిలో ఉన్న నాకు ఎండాకాలమంతా ఇవే ఫోన్లు. కొనకండి. ముందు ఒక తెల్లగుడ్డ, ఒక అగరుబత్తి తీసుకోండి. ఈ రెండు పరీక్షలూ చేయకుండా వేలకు వేలు పోసినవాళ్లను చూసీ చూసీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

"ఊరే దుమ్ము, ఇంట్లో ఏం చేస్తాం" అనేవాళ్లకు ఒక మాట. జాతీయ ప్రమాణం ప్రకారం పీఎం 10, అంటే 10 మైక్రాన్ల లోపు రేణువులు, ఏడాది సగటున ఘనమీటరు గాలికి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ ప్రమాణాలు అందుకోలేని పట్టణాల జాబితాలో నల్లగొండ పేరు ఉన్నమాట నిజమే. కానీ ఒకే వీధిలో, పక్కపక్క ఇళ్లలో ఒకరింట్లో దుమ్ము పేరుకుని, ఇంకొకరింట్లో లేకపోతే తప్పు ఊరిది కాదు, ఇంటిది.

తడి గుడ్డ చెప్పే సంగతి

తెల్లగుడ్డ తడిపి కిటికీ దిమ్మ తుడవండి. ఎర్రమన్ను రంగైతే అది మన చెల్క నేల, రోడ్డు అంచుల నుంచి వస్తోంది. బూడిద రంగులో, వేళ్ల మధ్య గరుకుగా ఉంటే పక్కన ఎవరో ఇల్లు కడుతున్నారు. నల్లగా జిడ్డుగా ఉంటే వంటపొగో, బండ్ల పొగో. నల్లగా ఉండి, జిడ్డు లేకుండా, నలిపితే పొడైపోతే మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక బూడిద. యాసంగి కోతల తర్వాతైతే కొయ్యకాళ్లు తగలబెట్టిన మసి. రంగు తెలియకుండా మందు వేయడం దండగ.

మూసినకొద్దీ పెరిగే దుమ్ము

నేను దెబ్బతిన్నది ఇక్కడే. తూర్పు ముఖం ఇల్లు, ముందు రోడ్డు, వాస్తు ప్రకారం వంటగది ఆగ్నేయంలో. అంటే వంటగది కూడా రోడ్డు పక్కనే. దుమ్మంటే వెళ్లి కిటికీల చుట్టూ సిలికాన్ పెట్టించాను. తగ్గలేదు. వెనకవైపు వెంటిలేటర్లు కూడా మూయించాను. ఇంకా పెరిగింది. మూడోసారి వెళ్లినప్పుడు ఆ ఇంటి పెద్దావిడ, "పదింటిదాకా బాగానే ఉంటుంది బిడ్డా, వంట మొదలుపెట్టాకే హాల్లో దుమ్ము" అన్నది. అప్పుడు గానీ నాకు వెలగలేదు. వంటగదిలో ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాను ఆన్ చేయించి, వీధి తలుపు మూసి, దాని కింది సందు దగ్గర అగరుబత్తి పట్టుకున్నాను. నిలువుగా లేవాల్సిన పొగ నేలబారుగా వంగి హాల్లోకి పరుగెత్తింది.

లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల ఇంట్లో ఉండే గాలి దాదాపు 280 ఘనమీటర్లు. వంటగది ఫ్యాను గంటకు కొన్ని వందల ఘనమీటర్ల గాలిని బయటికి తోస్తుంది. తోసినంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. దారి మీరు ఇవ్వకపోతే అదే వెతుక్కుంటుంది: వీధి తలుపు కింద, స్విచ్చుబోర్డు వెనక, బాత్‌రూమ్ జాలీలోంచి. నేను వెనక వెంటిలేటర్లు మూయించి చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఇల్లు పీల్చే గాలి మొత్తాన్నీ రోడ్డు వైపుకు తిప్పడం. పాత మిద్దె ఇళ్లలో గోడపైన గవాక్షాలు వదిలిన మేస్త్రీలకు ఈ సంగతి చదువు లేకుండానే తెలుసు.

పరిష్కారం: గాలికి మీరు ఎంచుకున్న చోట దారి ఇవ్వండి. రోడ్డుకు దూరంగా, వెనకవైపు, నేల నుంచి ఏడడుగుల ఎత్తులో. తొమ్మిది అంగుళాల ఫ్యానుకు అడుగున్నర పొడవు, అడుగు ఎత్తు ఉన్న ఖాళీ చాలు. ఫ్యాను రంధ్రానికి మూడు రెట్లు ఎందుకంటే, దోమల జాలీ గాలిని కొంత ఆపేస్తుంది. ఆ జాలీని నెలకోసారి తీసి కడగాలి. దూది పట్టిన జాలీ ఉన్నా ఒకటే, గోడ కట్టినా ఒకటే. ఆ తర్వాతే వీధి తలుపు కింద బ్రష్ పట్టీ వేయించండి. వరస తిప్పితే నాలాగే మూడుసార్లు తిరుగుతారు. కొత్త ఖాళీకి ఎదురుగా పక్కింటి వంటగది ఫ్యాను గానీ, జనరేటర్ గానీ ఉండకూడదు. అపార్ట్‌మెంట్లో అందరి బాత్‌రూమ్ గాలీ పోసే డక్టులోకి ఆ ఖాళీ తెరవడం మరీ ఘోరం. అదీ చూశాను.

హరిత భవనమంటే డాబా మీద మొక్కల కుండీలు అనుకునేవాళ్లకు చెబుతున్నా: హరిత భవనాలకు ఇచ్చే రేటింగుల్లో తాజా గాలి తప్పనిసరి షరతు, అలంకారం కాదు.

వాడని బాత్‌రూమ్ నుంచి మురుగు వాసన వస్తుంటే దాని మూలమూ ఇదే. జాలీ కింది వంపులో నిలిచే నీళ్లు మన ఎండలకు ఆవిరైపోతాయి, ఫ్యాను వేయగానే సెప్టిక్ ట్యాంకు గాలి ఇంట్లోకి వస్తుంది. వారానికోసారి రెండు చెంబుల నీళ్లు పోయండి, చాలు. కానీ బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజరు ఉంటే దాని సంగతి రేపటికి వాయిదా వేయకండి. దాని పొగగొట్టం బయటికి లేకపోయినా, ఎగ్జాస్ట్ ఆ పొగను వెనక్కి లాగినా, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. గీజరును బయటి గోడకు మార్పించండి.

ఇల్లు బాగుచేసినా రోడ్డు దుమ్ము ఆగకపోతే

కాలనీ వాళ్లంతా రోడ్డు నడిమధ్య చూస్తారు. దుమ్ము పుట్టేది అంచున. సీసీ రోడ్డుకూ ప్రహరీకీ మధ్య వదిలేసిన మూడడుగుల మట్టి మీద ప్రతి ఆటో ఒక చక్రం వేస్తుంది. అంతకన్నా పెద్ద దొంగ, మురుగు కాల్వ నుంచి తీసి గట్టున పోసిన పూడిక. తడిగా ఉన్నప్పుడు ఎవరికీ పట్టదు. మూడు రోజుల్లో ఎండి, బండ్ల కింద నలిగి, వీధంతా లేస్తుంది. తీసిన రోజే ఎత్తుకుపోవాలని మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఫోను చేసి ఊరుకోవద్దు. మట్టి అంచున సందులున్న పేవర్ బ్లాకులు పరిచి మధ్యలో గడ్డి వేయండి, వాననీరూ ఇంకుతుంది. పొడి చీపురుతో ఊడ్చే ముందు నీళ్లు చల్లండి.

చెట్ల విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. ఇరుకు వీధిలో రెండువైపులా కొమ్మలు కలిసిపోయేలా పెంచితే బండ్ల పొగ పైకి పోక కిందే తిరుగుతుంది. అక్కడ గొడుగులా పెరిగే చెట్టు కన్నా, నేల నుంచే ఆకు దట్టంగా ఉండే కంచె మేలు. ప్రహరీ లోపల కానుగను కత్తిరిస్తూ ఆరడుగుల ఎత్తున ఉంచితే మట్టి దుమ్ము చాలావరకు ఆకులకే అంటుకుంటుంది. వెడల్పు రోడ్డైతే వేప పెట్టండి.

పొద్దున లేవగానే తలనొప్పా? తలుపులు మూసిన ఏసీ గదిలో ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ 1,000 పీపీఎం సులువుగా దాటుతుంది. బయట ఉండేది 420 చిల్లర. తలుపు బెత్తెడు తెరిచి పడుకోండి. కొత్త ప్లైవుడ్, రంగుల ఘాటుకు కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచడమే మందు. నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు, సిమెంటు ఫ్యాక్టరీ అని వాదించేవాళ్లు పైవన్నీ చూశాక రండి.

వంట సమయంలో అగరుబత్తి పరీక్ష చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్లు ఆపండి. ఇది చెప్పకపోతే పొగ గదంతా తిరిగి, "సార్, అన్నివైపుల నుంచీ వస్తోంది" అని మళ్లీ నాకే ఫోను వస్తుంది.