పాత అంబాసిడర్ ఇంజన్ విప్పారా? వాల్వులు, ట్యాపెట్లు, ఆయిల్ కొనేముందు ఇది చదవండి

పాత పెట్రోల్ అంబాసిడర్ ఇంజన్ దించి పని చేయించేటప్పుడు అందరి ధ్యాసా బోరు, పిస్టన్లు, రింగుల మీదే ఉంటుంది. హెడ్డు (సిలిండర్ల మీద మూతలా కూర్చుని, వాల్వులుండే భాగం) దగ్గరికొచ్చేసరికి "మెకానిక్ చూసుకుంటాడులే" అని వదిలేస్తారు, ఆయిల్ సంగతైతే షాపువాడు ఏ డబ్బా చేతిలో పెడితే అదే. తీరా కొత్తగా చేయించిన ఇంజన్ కొన్నాళ్ళకే పైన టకటకా మొదలెట్టి పికప్ పడిపోయిందంటే, చాలాసార్లు దెబ్బ తగిలేది కామ్ షాఫ్ట్, ట్యాపెట్ల దగ్గరే. ఈ పార్టులు వేరు, ఆయిల్ వేరు అనుకోవద్దు, రెండూ కలిపి ఒకేసారి డిసైడ్ చేసుకోవాలి.

నేను చెప్పేదంతా 1489 సీసీ ఇంజన్ గురించి. ఇది ఇంగ్లండ్ కార్ల కంపెనీ బీఎంసీ వాళ్ళ బీ-సిరీస్, ఎంజీఏ స్పోర్ట్స్ కారులో వచ్చిందీ ఈ కుటుంబం ఇంజనే, అందుకే ఇక్కడ దొరకని పార్టు అక్కడి ఎంజీ స్పేర్స్ షాపుల్లో దొరికే ఛాన్స్ ఉంటుంది. మరీ మొదటి బండ్లలో ఉన్న సైడ్ వాల్వ్ ఇంజన్, తర్వాత వచ్చిన ఇసుజు 1800 రెండూ వేరే లెక్క, వాటికి ఇది వర్తించదు.

ముందు కామ్, ట్యాపెట్లు. ఈ ఇంజన్‌లో కామ్ షాఫ్ట్ కింద బ్లాకులో ఉంటుంది, దాని మీదున్న ఉబ్బెత్తుని లోబ్ అంటారు, ఆ లోబ్ మీద ట్యాపెట్ కూర్చుంటుంది, ట్యాపెట్‌లోంచి పుష్ రాడ్ (సన్నటి కడ్డీ) పైకెళ్ళి రాకర్ అనే ఊగే మీటని తోస్తే వాల్వు తెరుచుకుంటుంది. మధ్యలో రోలర్ ఏమీ లేదు, ఇనుము మీద ఇనుము నేరుగా రాసుకుంటుంది. ట్యాపెట్ అడుగు చూడ్డానికి చదునుగానే ఉంటుంది గానీ నిజానికి మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బు ఉంటుంది, లోబ్ కూడా కొంచెం ఏటవాలుగా గ్రైండ్ చేసి ఉంటుంది, ఈ రెండూ ఉండబట్టే ట్యాపెట్ పనిచేస్తూ తన చుట్టూ తాను తిరుగుతుంది, అరుగుదల ఒకేచోట పడదు. తిరగడం ఆగిపోయిన ట్యాపెట్ లోబ్‌ని తినేస్తుంది.

చెక్ చెయ్యడం సులువు. రెండు ట్యాపెట్లు తీసి శుభ్రంగా తుడిచి, అడుగులు రెండూ ఒకదానికొకటి ఆనించి వెలుతురు వైపు పెట్టి చూడండి. మంచివైతే అంచుల దగ్గర సన్నగా వెలుతురు కనిపిస్తుంది, వేలితో నొక్కితే కొంచెం ఊగుతాయి. ఊగకుండా అతుక్కుపోయినట్టు కూర్చున్నా, మధ్యలో గుంట పడి వెలుతురొచ్చినా అవి పోయినట్టే. అడుగు మీద గుండ్రటి గీతలు ఉంటే పర్లేదు, తిరిగిందని అర్థం. ఒకే వైపు అడ్డగీత పడిందంటే ఆ ట్యాపెట్ తిరగలేదు, దాని లోబ్ కూడా అనుమానమే.

కొనేటప్పుడు రూలు ఒకటే, కొత్త కామ్ వేస్తే ఎనిమిది ట్యాపెట్లూ కొత్తవే వెయ్యాలి. పాత కామ్, పాత ట్యాపెట్లు రెండూ బాగున్నాయంటే ఏది ఏ రంధ్రంలోంచి వచ్చిందో అదే రంధ్రంలోకి వెళ్ళాలి, అందుకే విప్పేటప్పుడే అట్టముక్క మీద 1 నుంచి 8 దాకా నంబర్లేసి గుచ్చి పెట్టుకోమనండి, ఒక డబ్బాలో పోసి డీజిల్‌తో కడిగారంటే ఇంక ఏది ఏదో దేవుడికే తెలియాలి. పాత కామ్ మళ్ళీ గ్రైండ్ చేయించి వేద్దామంటారు కొందరు, చేసేవాడికి ఆ ఏటవాలు సంగతి తెలిసి, పైన గట్టి పొర పోకుండా చెయ్యగలిగితే సరే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పాత స్టాక్ పెట్టె కట్టి ఉన్నది దొరికితే నేనైతే దానికే ఓటేస్తా, తుప్పు మచ్చ లేకుండా చూసుకోవాలి అంతే.

స్ప్రింగులు స్టాండర్డువే వెయ్యండి. గట్టి స్ప్రింగ్ వేస్తే బండి రేసు గుర్రంలా పోతుందని ఎవరో చెప్తారు, పోదు, లోబ్ మీద బరువు పెరిగి అది తొందరగా అరుగుతుంది అంతే. పాత స్ప్రింగులన్నీ వరసగా టేబుల్ మీద నిలబెట్టండి, ఒకటి పొట్టిగా కనిపించినా సెట్టు మార్చెయ్యండి. పుష్ రాడ్లు అద్దం మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. ఎంజీఏ తర్వాత వచ్చిన ఎంజీబీ కారు సెట్టు నుంచి ట్యాపెట్లు తెచ్చి మన పుష్ రాడ్లు వేద్దామనుకుంటే మాత్రం ఆగండి, ట్యాపెట్ ఎత్తు, రాడ్ పొడవు జోడీగా వస్తాయి, పాతదాని పక్కన పెట్టి కొలవకుండా బిగించొద్దు. హెడ్డు బాగా స్కిమ్మింగ్ (అడుగు చదునయ్యేలా చెక్కించడం) చేయించినా అంతే, రాడ్లు పొడుగైపోయినట్టవుతుంది, అప్పుడు రాకర్ పెడెస్టళ్ళ (రాకర్ షాఫ్ట్‌ని మోసే దిమ్మల) కింద షిమ్ములు (పల్చటి రేకులు) వెయ్యాల్సి రావచ్చు.

రాకర్ షాఫ్ట్ పైనుంచి చూస్తే తళతళలాడుతుంది, మోసపోవద్దు, అరుగుదల అడుగువైపు ఉంటుంది, గోరుతో రాస్తే మెట్టు తగులుతుంది. తగిలితే షాఫ్ట్, బుష్‌లు రెండూ మార్చాలి. రాకర్ కొన వాల్వు మీద కొట్టీ కొట్టీ గుంట పడుతుంది, ఆ గుంట మీద ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పల్చటి రేకు) వంతెనలా ఆగిపోయి గ్యాప్ కరెక్టుగా ఉన్నట్టు చూపిస్తుంది, అసలు గ్యాప్ ఎక్కువ ఉంటుంది. ట్యాపెట్ సెట్ చేశాక కూడా సౌండ్ పోవట్లేదంటే ముందు అక్కడ చూడండి.

ఇక వాల్వులు, అవి మూసుకున్నప్పుడు ఆనే సీట్లు. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం ఉన్న పెట్రోల్ ఆగిపోయింది. ఈ హెడ్డు సీసం ఉన్న రోజుల్లో తయారైంది, సీటు విడిగా ఉండదు, హెడ్డు ఇనుములోనే కోసి ఉంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు ఎర్రగా కాలి సీటు మీద పడ్డప్పుడు సీసం సన్నటి పొరలా అడ్డుండేది. ఇప్పుడది లేదు కాబట్టి గట్టిగా తొక్కితే సీటు కొద్దికొద్దిగా లోపలికి దిగిపోతుంది. నా లెక్క ఏంటంటే, ఆదివారం ఊళ్ళో తిప్పే బండైతే, సీటు బాగుంటే లాపింగ్ (వాల్వునీ సీటునీ పేస్టుతో రుద్ది సరిగ్గా ఆనేలా చెయ్యడం) చేయించి వదిలెయ్యండి. హైవే మీద హైదరాబాద్-విజయవాడ కొట్టే బండైతే ఎగ్జాస్ట్ నాలుగింటికీ గట్టి సీటు రింగులు వేయించండి, వేడిని తట్టుకునే 21-4ఎన్ స్టీల్ ఎగ్జాస్ట్ వాల్వులు తీసుకోండి. రింగు కోసం కట్టర్ లోతుకి పోతే నీళ్ళ జాకెట్ బయటపడుతుంది, అందుకని ఇంతకుముందు ఈ హెడ్డు చేసిన లేత్ షాపుకే ఇవ్వండి. గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు) ఇనుపవి చాలు, కంచు గైడ్లు వేస్తే క్లియరెన్స్ కొంచెం ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే వేడికి వాల్వు పట్టేస్తుంది.

ఆయిల్ దగ్గర గొడవంతా జింక్ గురించే. జడ్‌డీడీపీ అని జింక్, ఫాస్ఫరస్ కలిసిన మందు ఆయిల్‌లో ఉంటుంది, లోబ్, ట్యాపెట్ గట్టిగా ఒత్తుకునే చోట ఇది పొరలా పట్టి ఇనుముని కాపాడుతుంది. అయితే ఫాస్ఫరస్ కొత్త బండ్ల క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది కాబట్టి తగ్గిస్తూ వచ్చారు, 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం అనే ఆయిల్ ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్ 800 పీపీఎం (పది లక్షల్లో 800 వంతులు) దాటకూడదని హద్దు. చిక్కటి 20డబ్ల్యూ-50కి ఆ హద్దు లేదు. కాబట్టి ఖరీదైన ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-30 పోసి ఇంజన్‌కి మేలు చేశామనుకోవడం దండగ, మన ఎండలకీ ఈ పాత క్లియరెన్సులకీ మామూలు మినరల్ 20డబ్ల్యూ-50 సరిగ్గా సరిపోతుంది. కంపెనీ సైట్‌లో డేటా షీట్ తీసి జింక్, ఫాస్ఫరస్ 1000 నుంచి 1200 పీపీఎం దగ్గర ఉన్నాయా చూడండి, డబ్బా మీద బొమ్మలు చూసి కాదు. కారు ఆయిల్‌లో అది దొరక్కపోతే జాసో ఎంఏ (జపాన్ బైక్ ఆయిల్ ప్రమాణం) అని రాసిన 20డబ్ల్యూ-50 బైక్ ఆయిల్ కూడా పనికొస్తుంది, వాటిలో ఫాస్ఫరస్ 800 నుంచి 1200 మధ్య ఉండాలని రూలు. సీఐ-4 డీజిల్ ఆయిల్ 15డబ్ల్యూ-40లో కూడా జింక్ బాగానే ఉంటుంది, కానీ డిటర్జెంట్ ఎక్కువ, కడగని పాత ఇంజన్‌లో పోస్తే మడ్డి అంతా ఊడొచ్చి ఫిల్టర్‌కి అడ్డంపడుతుంది. జింక్ సీసాలు విడిగా తెచ్చి కలిపేవాళ్ళున్నారు, మంచి ఆయిల్‌కి అది అక్కర్లేదు, మరీ ఎక్కువైతే అదీ చేటే.

మొదటి స్టార్ట్ మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి. లోబ్‌లకీ ట్యాపెట్ అడుగులకీ మాలిబ్డినం పేస్టు దట్టంగా పూసి బిగించాలి, ప్లగ్గులు తీసేసి ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. టైమింగ్, పెట్రోల్, నీళ్ళు అన్నీ ముందే సరిచూసుకోండి, ఎందుకంటే స్టార్ట్ అయిన వెంటనే 2000-2500 ఆర్‌పీఎంకి తెచ్చి 20 నిమిషాలు అటూ ఇటూ మారుస్తూ నడపాలి, ఐడిలింగ్‌లో వదలకూడదు. లోబ్‌లకి ఆయిల్ ఎక్కువగా క్రాంక్ చిమ్మితేనే అందుతుంది, నెమ్మదిగా తిరిగితే ఆ చిమ్మడం సరిపోదు. మెకానిక్ కార్బురేటర్ ట్యూనింగ్ అంటూ స్లో చేసి కూర్చుంటే మొహమాటం లేకుండా ఆపమనండి. తర్వాత వేడి మీదే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చెయ్యండి.

ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు) 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 15), అంటే 0.38 మిల్లీమీటర్లు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు, 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 6 తెరుచుకుంటే 3, అలా రెండూ కలిపితే 9 రావాలి. ఎగ్జాస్ట్‌లు 1, 4, 5, 8. ఓ 500 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూసి, సరిచేసే ముందే ఎనిమిది గ్యాపులూ కాగితం మీద రాసుకోండి. తర్వాత చూసిన ప్రతిసారీ ఎగ్జాస్ట్ గ్యాప్ తగ్గుతూ పోతుంటే సీటు దిగుతోందని, ఒకే వాల్వుకి పెరుగుతూ పోతుంటే దాని లోబ్ గానీ ట్యాపెట్ గానీ అరుగుతోందని. రెండో రకమైతే ఇంజన్ పక్కనున్న ట్యాపెట్ కవర్లు విప్పి ఆ ట్యాపెట్‌ని బయటికి తీసి చూడొచ్చు, ఇంజన్ దించక్కర్లేదు.