చెట్టు నీడన కారు: మామిడి సీజనుకి ముందు జాగ్రత్తలు

మార్చి దాటిందంటే గోదావరి జిల్లాల్లో కారున్నవాళ్లంతా నీడ కోసం వెతుకుతారు. కాలువ గట్టున నిద్రగన్నేరు, గుడి ముందు రావి, మేనమామగారి దొడ్లో మామిడి, ఏది దొరికితే దాని కిందే బండి పెట్టేస్తాం. ఎండలో వదిలేస్తే స్టీరింగ్ పట్టుకోలేం కాబట్టి ఇందులో తప్పేం లేదు. కాకపోతే సాయంత్రం వచ్చి చూసేసరికి బానెట్ మీద జిగురు చుక్కలుంటాయి. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. చుక్క వల్ల పెయింటు పోవడానికి కొంత సమయం పడుతుంది. దాన్ని చూసి కంగారుపడి, జేబురుమాలుతో గట్టిగా రుద్దితే అప్పటికప్పుడే గీతలు పడతాయి.

రుద్దే ముందు, పడిందేమిటో చూడండి. అన్నిటికీ ఒకటే మందు పనిచేయదు.

మామిడి పూత మీదున్నప్పుడు, అంటే సంక్రాంతి ముందు నుంచి మార్చి దాకా, సన్నటి తుంపరలా పడేది చెట్టు కార్చింది కాదు. తేనెమంచు పురుగు పూతలో రసం పీల్చి వదిలే తియ్యటి ద్రవం. ఆకుల మీద జిగటగా మెరిసి, తర్వాత నల్లటి మసి పట్టేది దీనివల్లే. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన అల్లుడిగారి కారు అద్దం మసకబారిందంటే చాలాసార్లు కారణం ఇదే. పంచదారలాంటి పదార్థం కాబట్టి నీళ్లకి పోతుంది, కడగడం మాత్రం ఆలస్యం చేయకూడదు. పొడి వైపర్ అస్సలు తిప్పకూడదు, అద్దమంతా పులిమేస్తుంది.

వేప, తుమ్మ, మునగ కార్చేది బంక. ఎండితే గాజుపూసలా గట్టిపడుతుంది గానీ, నీళ్లలో నానితే మెత్తబడే రకం. దీనికి కావలసింది ఓపిక.

మామిడి సొన, పనస పాలు, రావి, మర్రి పాలు వేరే జాతి. వీటికి నీళ్లు పోస్తే ప్రయోజనం ఉండదు. వీటిలో మామిడి సొన మరీ ఘాటైనది. తొడిమ తెగగానే చిమ్ముతుంది, చర్మం మీద పడితే కాలినట్టు మచ్చ పడుతుంది. కాయ మీద కారినా నల్లమచ్చే, అందుకే తోటల్లో కొంత తొడిమ ఉంచి కోసి, కాయని తలకిందులుగా పెట్టి సొన కారనిస్తారు. సొంత పండు తోలునే కాల్చే సొన, పెయింటుని వదిలిపెడుతుందా! కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కాయలు కోస్తున్న చెట్టు కింద, అదీ కోత నడుస్తున్న పూట, కారు పెట్టకండి. పెళ్లి తోటలో అని తప్పకపోతే కొమ్మల చివర్ల కింద కాకుండా మొదలుకి దగ్గరగా పెట్టండి. మామిడి కాయలు ఎక్కువగా వేలాడేది చివర్లలోనే.

కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్ల మందం, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకి అటూఇటు. మెరుపూ, ఎండ నుంచి రక్షణా దానివల్లే. నడిఎండలో ముదురు రంగు కారు రేకు 70 డిగ్రీల దాకా వేడెక్కగలదు. ఆ వేడికి ఆ పొర కాస్త మెత్తబడుతుంది, పైనున్న జిగురు ఎండకి గట్టిపడుతూ దాన్ని పట్టేసుకుంటుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతల దుమ్ము కూడా అంటుకుందంటే, మీరు రుద్దే గుడ్డ గరుకు కాగితం అయిపోయినట్టే. అందుకే చుక్క పడిన రోజో మర్నాడో తీసేయడం మంచిది. ఆదివారం దాకా ఆగితే పని రెట్టింపు.

తీసేటప్పుడు ముందు కారుని నీడలోకి తెచ్చి, చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉండేదాకా ఆగండి. ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము వదిలించండి. ఇక్కడ నీళ్ల గురించి ఒక మాట. కాలువలో నుంచి బకెట్‌తో తోడితే ఒండ్రు కూడా వస్తుంది, అది గీతలు పెడుతుంది. కారునే కాలువలోకి దింపి కడగడం ఇంకా అన్యాయం, ఆ నీళ్లే కింద ఊరి మంచినీళ్ల చెరువుకి వెళ్తాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఆరనివ్వకుండా వెంటనే తుడవాలి, లేకపోతే జిగురు పోయి తెల్లమచ్చలు మిగులుతాయి.

తర్వాత చెయ్యి పట్టేంత వేడినీళ్లలో మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ ముంచి, చుక్క మీద పరిచి పది నిమిషాలు వదిలేయండి. ఆరితే మళ్లీ తడపండి. తేనెమంచు, బంక చాలావరకు ఇక్కడే లొంగుతాయి. ఎత్తినట్టుగా తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు.

పాలు, సొన అయితే కొబ్బరినూనె వాడండి. పనసపొట్టు కొట్టే ముందు చేతులకీ కత్తికీ నూనె రాసుకోవడం మన వంటిళ్లలో అందరికీ తెలిసిందే, ఇక్కడా అదే సూత్రం. నాలుగు చుక్కలు వేసి పది నిమిషాలు నాననిచ్చి తుడిచి, జిడ్డు పోయేలా కార్ షాంపూతో కడగండి. అప్పటికీ వదలకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్ తెచ్చుకోండి. గుడ్డకి కొద్దిగా అద్ది, చుక్క మీద అర నిమిషం ఆనించి, మెల్లగా తుడవండి. కారు మీద నేరుగా పోయకండి. ముందుగా, తలుపు తెరిస్తే కనిపించే లోపలి అంచు మీద ఓసారి పరీక్షించండి, టింకరింగ్ చేయించి రంగు వేయించిన కార్లకి ఇది మరీ ముఖ్యం. ఆ దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి, బీడీ వెలిగించకండి.

వాడకూడనివి చెప్పాలంటే, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ రెండూ రంగునే కరిగించగలవు, హెడ్‌లైట్ ప్లాస్టిక్‌ని మసకబారుస్తాయి. పెట్రోలు వద్దు. గిన్నెలు తోమే పీచు, కొబ్బరి పీచు వద్దు. సాయం చేస్తానని వచ్చే పిల్లల చేతికి ముందు ఏ గుడ్డ ఇచ్చారో చూసుకోండి! బ్లేడుతో గీకడం ముందు అద్దం వరకు, అదీ బాగా తడిపాక, సరే. రేకు మీద మాత్రం వద్దు.

ఇవన్నీ చేశాక కూడా వేలికి గరుకు తగిలితే క్లే బార్, అంటే రంగుకి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకమట్టిలాంటి ముద్ద, ఉపయోగపడుతుంది. షాంపూ నీళ్లతో బాగా తడిగా ఉంచి, దాని మీద బరువు వేయకుండా జార్చాలి. కింద పడిన క్లే ముక్కని మళ్లీ వాడకండి. గరుకు లేకుండా వలయంలా మచ్చ మాత్రం కనిపిస్తే, జిగురు పోయింది గానీ, అప్పటికే క్లియర్ కోట్ పొరని తినేసిందన్నమాట. ఇక ఇంట్లో చేసేదేం లేదు, పాలిషింగ్ తెలిసినవాడికి ఇవ్వండి. పాలిష్ అంటే ఆ పొరని ఇంకాస్త అరగదీయడమే, కాబట్టి ఏటా చేయించే పని కాదు.

స్పిరిట్, నూనె వాడినచోట పాత వ్యాక్స్ పోయి ఉంటుంది. అక్కడ మళ్లీ పూయాలి. అసలు ఫిబ్రవరిలోనే కారంతా ఒకసారి వ్యాక్స్ చేస్తే జిగురు పొరకి నేరుగా పట్టదు, వేసవంతా శ్రమ తగ్గుతుంది. సిరామిక్ కోటింగ్ వేయించాం కదా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. దానివల్ల కడగడం తేలికవుతుంది, అంతే. సొనని రోజులకొద్దీ వదిలేస్తే దానికీ మచ్చ పడుతుంది.

కవర్ మంచిదే, గాలి ఆడేది అయితే. మన ఉక్కపోతకి ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పడుతుంది. దుమ్ము పట్టిన కారు మీద కవర్ లాగినా గీతలే.

కోనసీమ వైపు కొబ్బరితోటలో జిగురు భయం ఉండదు గానీ, అక్కడ పై నుంచి కాయో మట్టో పడితే రంగు మాట అటుంచి రేకే సొట్ట పడుతుంది. ఈదురుగాలి ఉన్న సాయంత్రం అక్కడ పెట్టడంకన్నా ఎండే నయం. కొంగలు వాలే చెట్టయితే రెట్టలు కూడా అదే రోజు కడగాలి. కడియం నుంచి మొక్క తెచ్చి పోర్టికో పక్కనే మామిడి నాటాలనుకునేవాళ్లు, అది పెరిగితే కొమ్మలు ఎక్కడిదాకా వస్తాయో ఇప్పుడే చూసుకోవాలి.

తొలకరికి ముందు బానెట్ ఎత్తి, ముందు అద్దం కింద గాడిలో పేరుకున్న వేపాకులు, పూత తీసేయండి. అక్కడి నీటిదారి మూసుకుపోతే మొదటి పెద్ద వానకి నీళ్లు కారు లోపలికి దిగుతాయి.