అన్నం పెట్టిన ఇంటిని ఫొటో తీసేటప్పుడు

అరకు లోయలో ఎవరైనా భోజనానికి పిలిస్తే కెమెరాను సంచిలోనే ఉంచి, ముందు వారితో కూర్చుని తినండి. అన్నం చల్లారిపోతుందని తెలిసీ ఫొటో కోసం అందరినీ విస్తళ్ల ముందు ఆపడం అమర్యాద అని నా అభిప్రాయం. బొంగులో చికెన్‌ను మాత్రం, అనుమతి అడిగి, వండుతున్నప్పుడే తీయాలి: మసాలా పట్టించిన మాంసాన్ని నూనె లేకుండా పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పులపై కాలుస్తుంటే పైపొర నల్లబడి, మూతి దగ్గర ఆవిరి బుసకొడుతుంది. ఫ్లాష్ వెలుగులో ఆ నిప్పుల ఎరుపు వెలవెలబోతుంది కనుక ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 1600కు పెంచి, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 2.8 వద్ద బాగా తెరిచి పక్కనుంచి తీయండి. వడ్డించిన వారి ఫొటోను 4×6 అంగుళాల ప్రింటు వేయించి, మళ్లీ వెళ్లి చేతికివ్వండి. అలా నేనిచ్చిన ప్రింటు ఒకటి ఆ ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉంది.