వలలో దెయ్యపు చేప పడితే ఏం చేయాలి

విజయవాడ చుట్టుపక్కల కాలవ నీళ్లు పెట్టే చెరువుల్లో సక్కర్ చేప, అంటే దెయ్యపు చేప, పడితే ముందు ఒక తడి గోనెసంచి అందుకోండి. వీపు మీదా, రొమ్ము రెక్కల ముందూ గట్టి ముళ్లుంటాయి. వలలో చిక్కిన చేపను గుంజితే వలే చిరుగుతుంది. గోనె కప్పి, తల వెనక పట్టుకుని, ముళ్ల దగ్గర దారాలు ఒక్కొక్కటే తప్పించండి.

ఇది దక్షిణ అమెరికాకు చెందిన లోరికారిడే కుటుంబం. వీపు రెక్కలో మొదటి ముల్లు వదిలేసి మెత్తని పుల్లలు లెక్కపెట్టండి. తొమ్మిది, అంతకన్నా ఎక్కువ ఉంటే టెరిగోప్లిక్తిస్ అనే ప్రజాతి, ఏడే ఉంటే హైపోస్టోమస్ అనే ప్రజాతి. టెరిగోప్లిక్తిస్ అయితే తర్వాత తిరగేసి పొట్ట చూడండి. మచ్చలు విడివిడిగా ఉంటే పర్డాలిస్ జాతి, కలిసిపోయి పురుగుల్లా మెలికలు తిరిగితే డిస్‌జంక్టివస్ జాతి. రెండూ కలగలిసిన చేపలూ దొరుకుతాయి, అలాంటప్పుడు టెరిగోప్లిక్తిస్ అని రాసుకుంటే చాలు.

గట్టు మీద పారేస్తే చచ్చిపోతుందనుకోవద్దు. అమెజాన్‌లో నీటిలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు ఇది గాలి మింగి పొట్టతోనే ఊపిరి తీసుకుంటుంది. అందుకే ఒడ్డున గంటల తరబడి బతికే ఉంటుంది. తల మీద బలంగా ఒక్క దెబ్బ కొట్టి చంపి, నీళ్లకు దూరంగా పూడ్చండి.

చెరువు ఎండగట్టినప్పుడు గట్టు వాలు తప్పక వెతకండి. మగచేప అక్కడ కలుగు తవ్వి గుడ్లకు కాపలా ఉంటుంది, తడి బురదలోనే వానలదాకా నిలుస్తుంది. కలుగులు తవ్వి, మట్టి దట్టించి పూడ్చాకే నీళ్లు పెట్టండి. తూముకు సన్నకన్ను వల కట్టండి. పెద్దకన్ను వలలోంచి పిల్లలు దూరిపోతాయి.

ఇంటి అక్వేరియంలో వేలెడు చేపగా కొన్నది అడుగు దాటి పెరుగుతుంది. తొట్టి చాలకపోతే కొన్న షాపుకే తిరిగివ్వండి, విజయవాడలోని రైవస్ కాలవలో మాత్రం వదలకండి.