ఆకురాలు కాలపు రంగులు బురదగా మారకుండా: నా అనుభవం

ఆకురాలు కాలపు పల్లె దృశ్యం ఆయిల్ రంగుల్లో వేస్తే పసుపు, నారింజ చచ్చిపోయి బురదలా కనిపించేవి. ఖరీదైన ట్యూబులు, కొత్త బ్రష్‌లు, మందపాటి పూత, ఏవీ పనిచేయలేదు.

దారి చూపింది రష్యన్ చిత్రకారుడు లెవితాన్ 1895లో వేసిన 'బంగారు శరత్తు'. ఆ బిర్చ్ చెట్ల పసుపు అంతలా వెలగడానికి పక్కనే ఉన్న ముదురు నీలి ఏరే కారణమనిపించింది. ఎంత బాగుంటుందో ఆ ఏరు!

అందుకే ముందు నీరు, నీడలు అల్ట్రామెరైన్ (ముదురు నీలం)లో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) కలిపి వేసి, పూర్తిగా ఆరనిచ్చాను. అసలు కిటుకు ఇదే. తడి మీద వేస్తే నీలం పైకి వచ్చి పసుపును ఆకుపచ్చగా, నారింజను మట్టిరంగుగా మార్చేస్తుంది. తర్వాత ఆకుల గుబుర్లకు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు). చివరగా ఎండ తగిలే అంచులకు మాత్రమే, ఏమీ కలపని క్యాడ్మియం ఎల్లో (మెరిసే పసుపు), ప్రతి చుక్కకీ బ్రష్ తుడుస్తూ.

వాటర్‌కలర్‌లో వెలుగు కాగితం తెలుపు నుంచే వస్తుంది కాబట్టి ఈ వరుస అక్కడ కుదరకపోవచ్చు. మబ్బు పట్టిన రోజు దృశ్యానికి నేనింకా ప్రయత్నించలేదు.