గ్రామసభలో చెప్పిన పనులు కాగితం మీద ఉన్నాయా? తీర్మానం నకలుకు దరఖాస్తు చేసుకునే విధానం

గ్రామసభలో సర్పంచ్ మైకు అందుకుని ఊరి సంగతులు చెబుతారు. ఫలానా వీధికి సీసీ రోడ్డు, ఫలానా వార్డులో డ్రైనేజీ, కొత్త బోరుకు మోటారు. జనం చప్పట్లు కొడతారు. ఆరు నెలలకు ఆ రోడ్డు ఊసే ఉండదు. అడిగితే ‘ఆ రోజు అలా అనలేదు’ అంటారు, లేదా ‘నిధులు వేరే పనికి పోయాయి’ అంటారు. అప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఆ సభ తీర్మానం నకలు. సభలో ఎవరేమన్నా చివరికి లెక్కలోకి వచ్చేది మినిట్స్ బుక్‌లో, అంటే సభ నిర్ణయాలు నమోదు చేసే పుస్తకంలో రాసిందే. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేశారు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ జరగాలి. అంటే తీర్మానాలకు కొదవ లేదు. అవి ఊరివాళ్ల కంట పడటమే తక్కువ.

దరఖాస్తు రాసే ముందు ఒక పని చేయండి. కేంద్ర ప్రభుత్వ ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఏడాది, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఏడాది ప్రణాళికలో మీ ఊరి పేరున ఏ పనులు ఎక్కించారో, ఎంత ఖర్చు చూపించారో కనిపిస్తుంది. ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి. పని పేరు అందులో ఎలా ఉందో అలాగే దరఖాస్తులో రాస్తే ‘ఏ పనో అర్థం కాలేదు’ అని తిప్పి పంపే వీలుండదు.

ఇక దరఖాస్తు. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద పెట్టాలి. పంచాయతీలో పౌర సమాచార అధికారి, అంటే ఈ దరఖాస్తు తీసుకుని జవాబివ్వాల్సిన అధికారి, సాధారణంగా పంచాయతీ కార్యదర్శే. సర్పంచ్ పేరున రాయొద్దు. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10. ప్రత్యేక ఫారం కూడా అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రాయడం రాని వాళ్లు నోటితో చెప్తే దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత ఆ అధికారిదే. ఈ మాట చట్టంలోనే ఉంది. వేలిముద్ర వేసే పెద్దవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

చాలా దరఖాస్తులు దెబ్బతినేది ప్రశ్న దగ్గరే. ‘మా వీధి రోడ్డు ఎందుకు వేయలేదు?’ అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే చట్టం ఇప్పించేది ఆఫీసులో ఉన్న కాగితాన్ని, సంజాయిషీని కాదు. అందుకే కాగితం పేరు పెట్టి అడగండి. ఇలా:

‘ఫలానా తేదీన జరిగిన గ్రామసభ మినిట్స్ బుక్‌లోని తీర్మానాల నకళ్లు, హాజరు సంతకాల పేజీల నకళ్లు ఇవ్వగలరు. ఫలానా సీసీ రోడ్డు పనికి సంబంధించి అంచనా, పరిపాలనా అనుమతి, మెజర్‌మెంట్ బుక్, చెల్లించిన బిల్లుల వోచర్ల నకళ్లు ఇవ్వగలరు.’

హాజరు పేజీ వదలకండి. సభకు రాని వాళ్ల సంతకాలు అందులో ఉన్నాయా అన్నది ఊరివాళ్లకే తెలుస్తుంది, పైఅధికారికి తెలియదు. జరిగిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ (ఎం-బుక్) పంచాయతీలో కాకుండా ఇంజినీరింగ్ విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర ఉండొచ్చు. అయినా మీరు ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. సెక్షన్ 6(3) ప్రకారం ఆ భాగాన్ని సంబంధిత కార్యాలయానికి 5 రోజుల్లోగా బదిలీ చేసి, ఆ సంగతి మీకు తెలియజేయాలి. సమాచారం ఎందుకు కావాలో మీరు చెప్పక్కర్లేదు, అడిగినా రాయొద్దు. ఇతరుల బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాల జోలికి మాత్రం పోవద్దు. ఆ వంకతో మొత్తం దరఖాస్తునే పక్కన పెట్టేస్తారు.

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. తీసుకోనంటే వాదన పెట్టుకోకుండా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఊళ్లో మొహాలు చూసుకుంటూ బతకాల్సిన వాళ్లం కదా, ఈ దారే నయం.

జవాబుకు గడువు 30 రోజులు. ఏ4 నకలుకు పేజీకి 2 రూపాయలు. ఎంత కట్టాలో ముందుగా ఉత్తరం ద్వారా చెబుతారు, ఆ ఉత్తరం వాళ్లు పంపినప్పటి నుంచి మీరు డబ్బు కట్టే వరకు గడిచిన రోజులు గడువులో లెక్కకు రావు. కాబట్టి వెంటనే కట్టండి, రసీదు తీసుకోండి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు దానికి ఆధారం జత చేస్తే నకళ్లకూ డబ్బు కట్టనక్కర్లేదు. గడువు దాటితే ఎవరికైనా సమాచారం ఉచితంగానే ఇవ్వాలి. పుస్తకం కళ్లారా చూడాలనుకుంటే రికార్డుల పరిశీలన కోరవచ్చు, మొదటి గంటకు రుసుము లేదు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, సగమే ఇచ్చినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఎవరికి వేయాలో ఆ అధికారి హోదా, చిరునామా తిరస్కరణ ఉత్తరంలో ఉండాలి. అసలు ఉత్తరమే రాకపోతే పంచాయతీ ఆఫీసులో సమాచార హక్కు బోర్డు చూడండి. అప్పీలుకు ఫీజు లేదు. దరఖాస్తు ప్రతి, ముద్ర వేసిన కాపీ లేదా పోస్టు రసీదు జత చేస్తే చాలు. 30 రోజుల్లో, కారణాలు రాసి మహా అయితే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తగిన కారణం లేకుండా జాప్యం చేసిన సమాచార అధికారికి రోజుకు 250 చొప్పున, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది.