మీ గల్లీ సీసీ రోడ్డు లెక్కలు మున్సిపాలిటీ నుంచి తెప్పించుకోవడం ఎలా?

దేవరకొండ కావచ్చు, కల్వకుర్తి కావచ్చు, మక్తల్ కావచ్చు. మన తెలంగాణ చిన్న పట్టణాల్లో జనం మున్సిపాలిటీని ఎక్కువగా తిట్టుకునేది సీసీ రోడ్డు విషయంలోనే. వేసిన ఏడాదికే సిమెంటు లేచిపోయి కంకర తేలుతుంది. ఎవరో ఒకరు ఫొటో తీసి వార్డు వాట్సాప్ గ్రూపులో పెడతారు. నాలుగు రోజులు మాటలు నడుస్తాయి, తర్వాత మరిచిపోతారు. కొందరు మాత్రం సమాచార హక్కు దరఖాస్తు దాకా వెళ్తారు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఆ దరఖాస్తుల్లో చాలావాటికి పనికొచ్చే జవాబు రాదు. అధికారులు దాచిపెట్టడం ఒక కారణమే అనుకోండి. అంతకంటే పెద్ద కారణం ప్రశ్న తప్పుగా రాయడం. అది చూసీ చూసీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

మోరీ పని, నల్లా పైపులైను, వీధి దీపాలు, ఏ పనికైనా ఇదే పద్ధతి. ఉదాహరణకు మాత్రం రోడ్డునే తీసుకుందాం.

ముందుగా కావలసినవి

రెండు తెల్లకాగితాలు, ఒక నీలి పెన్ను, పది రూపాయల పోస్టల్ ఆర్డరు. ఫారం ఏదీ అక్కర్లేదు. దరఖాస్తు తెలుగులో రాయవచ్చు, సమాచార హక్కు చట్టమే ఆ వీలు ఇచ్చింది. రాయడం రానివాళ్లు నోటితో చెబితే రాసిపెట్టాల్సిన బాధ్యత కూడా ఆఫీసుదే. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, ఆధారంగా కార్డు జిరాక్స్ జతచేస్తే చాలు. గ్రామపంచాయతీకి పెట్టే దరఖాస్తుకు అసలు ఫీజే లేదు. మండల స్థాయి ఆఫీసుకైతే ఐదు రూపాయలు, మున్సిపాలిటీకి పది.

పని పేరు పట్టుకోండి

మీకు అది 'మా గల్లీ రోడ్డు'. ఆఫీసు ఫైల్లో దానికి వేరే పేరు ఉంటుంది. సాధారణంగా 'ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి వరకు సీసీ రోడ్డు నిర్మాణం' అని ఉంటుంది. ఆ ఇళ్ల యజమానులు మీకు తెలియకపోవచ్చు, ఒక్కోసారి ఇల్లు అమ్ముడుపోయి పేరు మారిపోయి ఉండవచ్చు. పని జరిగినప్పుడు శిలాఫలకం వేసి ఉంటే దాని ఫొటో తీసుకోండి. పని పేరు, నిధుల పద్దు, అంచనా మొత్తం చాలావరకు దాని మీదే దొరుకుతాయి. ఫలకం లేకపోతే గుడి, బడి, ట్రాన్స్‌ఫార్మర్ లాంటి కదలని గుర్తులు రెండు చివర్లా రాయండి. వార్డు నంబరు ఒక్కటే రాస్తే సరిపోదు. 2020 ఎన్నికల ముందు వార్డులు తిరిగి విభజించారు కాబట్టి పాత పని అయితే పాత నంబరు కూడా రాయాలి.

ప్రశ్న రాయడం: అందరూ తప్పేది ఇక్కడే

ఈ భాగం నిదానంగా చదవండి. మిగతావన్నీ ఎవరైనా చేయగలరు.

మొన్న ఒక పెద్దాయన తన దరఖాస్తు, దానికి వచ్చిన జవాబు పట్టుకొచ్చారు. దరఖాస్తులో అడిగినవి ఇవి: రోడ్డు ఆరు నెలలకే ఎందుకు పగిలింది? దీనికి బాధ్యులు ఎవరు? నాణ్యత లేకపోయినా బిల్లు ఎలా ఇచ్చారు? కాంట్రాక్టర్ మీద ఎప్పుడు చర్య తీసుకుంటారు? న్యాయంగా చూస్తే ఇందులో ఒక్క ప్రశ్నా తప్పు కాదు. జవాబు మాత్రం ఒకటే వాక్యం. అడిగినది చట్టంలోని 'సమాచారం' నిర్వచనం కిందికి రాదని. ముప్పై రోజులు ఎదురుచూసి ఆ ఒక్క వాక్యం అందుకున్న మనిషి ముఖం చూస్తే బాధేసింది.

చట్టంలోని 2(ఎఫ్) సెక్షన్ చదివితే విషయం తెలుస్తుంది. సమాచారం అంటే రికార్డులు, పత్రాలు, ఉత్తర్వులు, లాగ్‌బుక్కులు, కాంట్రాక్టులు, నివేదికలు, నమూనాలు. అంటే ఆఫీసులో ఇప్పటికే ఉన్నవి. 'ఎందుకు' అన్న దానికి జవాబు ఏ బీరువాలోనూ ఉండదు, దాన్ని కొత్తగా రాసి ఇవ్వాలి. అలా రాసి ఇవ్వాల్సిన బాధ్యత ఆఫీసుకు లేదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ఫలానా నిర్ణయం ఎందుకు తీసుకున్నారని ఈ చట్టం కింద నిలదీయలేమని, రికార్డులో ఉన్నదే అడగగలమని.

కాబట్టి కారణం అడగకండి, కాగితం అడగండి. 'ఎందుకు', 'ఎలా', 'ఎప్పుడు చేస్తారు' అన్న మాటలు మీ దరఖాస్తులో కనిపిస్తే కొట్టేయండి. ప్రతి ప్రశ్న చివర 'నకలు' అన్న మాట ఉండాలి. ఇది నా లెక్కలో మార్పు లేని నియమం. 'వివరాలు ఇవ్వగలరు' అని కూడా రాయవద్దు. వివరాలు అడిగితే రెండు లైన్ల టైపు కాగితం వస్తుంది, దానిమీద ఉన్న అంకె నిజమో కాదో తేల్చే దారి ఉండదు. నకలు అడిగితే సంతకాలతో సహా అసలు పత్రం వస్తుంది.

మరి ఏ కాగితాలు అడగాలి? రోడ్డు పనికి ముఖ్యమైనవి ఇవి. పాలనా అనుమతి, సాంకేతిక అనుమతి ఉత్తర్వుల నకళ్లు. ఎస్టిమేటు పూర్తి నకలు. కాంట్రాక్టర్‌తో చేసుకున్న అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు నకళ్లు. ఎం-బుక్‌లో ఆ పనికి సంబంధించిన అన్ని పేజీల నకళ్లు. నాణ్యత పరీక్షల నివేదికల నకళ్లు. చెల్లించిన బిల్లుల, వోచర్ల నకళ్లు.

వీటిలో ఒక్కటే అడిగే వీలుంటే నేను ఎం-బుక్కే అడుగుతాను. ఎం-బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్. పని పూర్తయ్యాక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలతలు వేసి రాసే పుస్తకం ఇదే, బిల్లు లెక్క కట్టేది ఇందులోని కొలతల మీదే. అందులో ఒక వరుస ఇలా ఉంటుంది: 1 × 100.00 × 3.00 × 0.15 = 45.00. అంటే వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం, మొత్తం 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మీరు టేపు పట్టుకుని వెళ్లి కొలిస్తే వెడల్పు 2.70 వచ్చిందనుకోండి. అప్పుడు ఉండాల్సింది 40.5. నాలుగున్నర ఘనపు మీటర్ల కాంక్రీటు పుస్తకంలో ఉంది, నేల మీద లేదు. ఇక 'ఎందుకు' అని మీరు అడగక్కర్లేదు, ఆ ప్రశ్న అడగాల్సిన వాళ్లే అడుగుతారు. మందం కొలవాలంటే రోడ్డు అంచున మట్టి కాస్త పక్కకు జరిపి చూడండి. రెండు మూడు చోట్ల చూడాలి. అంచు దగ్గర మందంగా వేసి మధ్యలో తగ్గించినవీ ఉంటాయి, అలాంటి అనుమానం ఉంటే నాణ్యత పరీక్ష నివేదికలు గట్టిగా అడగండి.

ఇంకో జాగ్రత్త. ఒక దరఖాస్తులో ఒకే పని. 'గత ఐదేళ్లలో పట్టణంలో వేసిన అన్ని రోడ్ల వివరాలు' అని అడిగేవాళ్లు ఉన్నారు. అంత సమాచారం పోగుచేయాలంటే ఆఫీసు పనికి ఆటంకం అని జవాబు వస్తుంది, లేదంటే వేల పేజీలకు ఫీజు కట్టమంటారు. ఒక్క రోడ్డు అడగండి, పూర్తిగా అడగండి.

కౌన్సిల్ తీర్మానం అడిగేటప్పుడు తేదీ చూసుకోవాలి. మన దగ్గర చాలా మున్సిపాలిటీల్లో పాలకవర్గం గడువు 2025 జనవరితో ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. జడ్చర్ల, అచ్చంపేట, నకిరేకల్‌లలో ఎన్నికలు 2021 ఏప్రిల్‌లో జరిగాయి కాబట్టి అక్కడ లెక్క వేరు. ప్రత్యేకాధికారి ఉన్న కాలపు పనికి కౌన్సిల్ తీర్మానం అడిగితే 'లేదు' అంటారు, అది నిజం కూడా. అందుకే 'కౌన్సిల్ తీర్మానం లేదా ప్రత్యేకాధికారి ఆమోద పత్రం నకలు' అని రాయండి.

కాంట్రాక్టర్ ఆధార్, పాన్, ఫోన్ నంబర్లు అడగవద్దు. వాటితో మీకు పనిలేదు, పైగా 'వ్యక్తిగత సమాచారం' అన్న సాకుతో మొత్తం దరఖాస్తునే పక్కన పెట్టే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది. ఎందుకు అడుగుతున్నారో కూడా రాయవద్దు. కారణం చెప్పక్కర్లేదని 6(2) సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మీ కోపం, ఆవేదన, వార్డు చరిత్ర ఏదీ ఆ కాగితం మీదకు రానివ్వకండి.

చివర్లో ఒక వాక్యం తప్పకుండా చేర్చండి: 'సెక్షన్ 2(జె) ప్రకారం సదరు పని ఫైలును, పని జరిగిన స్థలాన్ని స్వయంగా తనిఖీ చేసేందుకు తేదీ, సమయం తెలుపగలరు.' ఈ హక్కు ఉన్నట్టు చాలామందికి తెలియదు. ఫైలు ముందు కూర్చుంటే మొదటి గంటకు ఫీజు ఉండదు. నకళ్లలో రాని నోట్ ఫైలు, దాని మీద రాసిన రిమార్కులు అక్కడ కనిపిస్తాయి. చూసినవాటిలో కావలసిన పేజీలకు గుర్తు పెట్టి అప్పుడే నకళ్లు అడగవచ్చు.

ప్రజావాణి చాలదా?

సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లి ప్రజావాణిలో అర్జీ ఇవ్వడమే మేలని వాదించేవాళ్లు ఉన్నారు. మోరీ నిండిపోయింది, నీళ్లు రావట్లేదు అంటే వెళ్లండి, అది దానికి సరైన చోటే. లెక్కల విషయానికి మాత్రం అది పనికిరాదు. మీ అర్జీ కలెక్టరేట్ నుంచి మున్సిపాలిటీకి, అక్కడి నుంచి ఆ రోడ్డు వేయించిన ఇంజనీరింగ్ సెక్షన్‌కే వస్తుంది. వాళ్లు రాసిన జవాబే మీకు చేరుతుంది. దాన్ని సరిచూసుకోవడానికి మీ చేతిలో ఏ పత్రమూ ఉండదు. ముందు కాగితాలు తెచ్చుకుని, కొలతలు వేసుకుని, ఆ తర్వాత అదే ప్రజావాణికి వెళ్తే మాటకు బరువుంటుంది.

ఇవ్వడం, ఎదురుచూడడం

పైన 'ప్రజా సమాచార అధికారి, పురపాలక సంఘ కార్యాలయం' అని రాయండి. అధికారి పేరు రాయవద్దు, బదిలీలు అవుతుంటాయి. రోడ్డు వేసింది ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లని తేలినా కంగారు పడకండి. ఐదు రోజుల్లోగా సంబంధిత శాఖకు బదిలీ చేయాల్సింది మున్సిపాలిటీ వాళ్లే, సెక్షన్ 6(3) అదే చెబుతుంది.

దరఖాస్తు చేతికి ఇవ్వండి, ఇన్‌వర్డ్‌లోనే, అంటే వచ్చిన కాగితాలు నమోదు చేసే చోటే ఇవ్వండి. తెలిసిన గుమస్తా కదా అని టేబుల్ మీద పెట్టి రావద్దు. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు మూడూ పడే వరకు అక్కడి నుంచి కదలకండి. ముద్ర వేసేది లేదని మొండికేస్తే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి.

ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మధ్యలో పేజీకి రెండు రూపాయల చొప్పున ఇంత కట్టమని ఉత్తరం వస్తే వెంటనే కట్టి రశీదు తీసుకోండి. ఆ ఉత్తరం వాళ్లు పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడువు లెక్కలోకి రాదు. ముప్పై రోజులు దాటిపోతే మాత్రం సమాచారం ఉచితంగా ఇవ్వాల్సిందే.

జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. మన రాష్ట్రంలో దానికి ఫీజు లేదు. ఏ ప్రశ్నకు ఏ నకలు రాలేదో అంతే రాయండి. ఆ తర్వాత తొంభై రోజుల్లోగా హైదరాబాద్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 మించకుండా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేక ఫైళ్లు గుట్టలుగా పేరుకున్నాయి. అంతదాకా వెళ్తే మీ రోడ్డు మీద ఇంకో రోడ్డు వేసేస్తారు. మొదటి దరఖాస్తులోనే ప్రశ్న సరిగా రాయమని ఇంతగా చెబుతున్నది అందుకే.

కాగితాలు చేతికొచ్చాక

అగ్రిమెంటు తీసి లోప బాధ్యత కాలం ఎంత రాశారో చూడండి. ఆ కాలంలో రోడ్డు పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. పని పూర్తయిన తేదీ ఎం-బుక్‌లో ఉంటుంది, రెండూ కలిపి చూస్తే గడువు ఎప్పటివరకో తేలిపోతుంది. గడువు ఇంకా ఉంటే ఆ పేజీల జిరాక్స్‌లు, మీ కొలతలు, ఫొటోలు జతచేసి మరమ్మతు చేయించమని మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్లతో కూడా సంతకాలు పెట్టించండి. ఆఫీసు నుంచి వచ్చిన అసలు కాగితాలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అడిగింది మీ కౌన్సిలర్ అయినా సరే.